బయ్యన్న ఎడమకాలు

జయరాజు సారు ఆ పుస్తకాన్ని నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకునే వచ్చాడు. పీటంత వెడల్పు, ఇటుకంత మందం. శిరివెళ్లలో ఎక్కిన పెద్దాయన ఒకడు పక్కన సర్దుకుని కూర్చుని, "బైబులా సారూ?" అని అడిగాడు. సారు అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఆడించి అట్ట మీద చెయ్యి కప్పాడు. ఆదివారం ఆరాధనలో ముందు వరుసలో కూర్చునే మనిషి పాపం, లోపలున్నదేమిటో ఎలా చెబుతాడు? పుస్తకం నిండా ఒంటి మీద నూలుపోగు లేని మగవాళ్లు. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీసు దేశంలో చెక్కిన రాతి మనుషులు. నంద్యాల విడిచి తన దేశం వెళ్లిపోతూ ఆ పుస్తకం ఆయనకిచ్చిన దొరసాని, ఇచ్చే ముందు ఓపిగ్గా కూర్చుని ప్రతి బొమ్మకూ నడుము కింద ఒక కాగితం ముక్క అంటించింది. జిగురు ఎండి ఇప్పుడా ముక్కలు సగానికి పైగా రాలిపోయాయి.

అది డెబ్బై ఎనిమిది వేసవి. సారు నంద్యాలలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. ఆ స్కూలు పాత విద్యార్థులు కొందరు ఆటస్థలం గేటు దగ్గర రాతి ఆటగాడి విగ్రహం ఒకటి, మూడడుగులది, దిమ్మె మీద నిలబెడదామనుకున్నారు. బొమ్మ గీసిచ్చే పని సారుది, చెక్కే పని ఆళ్లగడ్డ శేషయ్యాచారిది. పదేళ్లుగా పిల్లల చేత మామిడిపండూ కూజా గీయించి విసిగిపోయిన సారుకు ఈ పని వరంలా దొరికింది. విగ్రహం గ్రీకుల మాదిరిగా ఉండాలని ఎవరూ అడక్కముందే తీర్మానం చేసుకున్నాడు. నిక్కరు మాత్రం తొడగాలని పాత విద్యార్థులు ముందే చెప్పి పెట్టారు.

శేషయ్యది రోడ్డు పక్కన పెద్ద కొట్టం. సగం చెక్కిన వినాయకులూ, తలలు మాత్రమే లేచిన నందులూ వరసగా ఉన్నాయి. అరవై దాటిన శేషయ్య చేతులు దులుపుకుని పుస్తకం ముందు కూర్చున్నాడు. కనుబొమల మీద కూడా రాతిపొడి ఉంది. సారు రెండు బొమ్మల దగ్గర గుర్తుగా ఈతాకు చీలికలు పెట్టుకుని తెచ్చాడు. మొదటి బొమ్మ చూపించాడు. పూసలు గుచ్చినట్టు జుట్టు, తొడలకు అంటుకున్న పిడికిళ్లు, ముందుకు పడిన ఎడమకాలు, పెదాల మీద సన్నటి నవ్వు. రెండో బొమ్మలో మనిషి ఈటె పట్టుకుని నడక మధ్యలో ఆగినట్టున్నాడు.

"ఈ మొదటోడు ఎంత కాలందప్పా?" అన్నాడు శేషయ్య.

"క్రీస్తు పుట్టక ముందు ఆరొందల ఏండ్లు. రెండోది దానికి నూటయాభై ఏండ్ల తర్వాత."

శేషయ్య మొదటి బొమ్మ మీద వంగి, వేలు పెట్టకుండా గాలిలోనే దాని చుట్టూ గీత గీశాడు. "వీన్ని నాలుగు పక్కల్నించి కొట్టినారు సారూ. ముందర గీత గీసి ముందర్నించి, పక్కన గీత గీసి పక్కల్నించి. చేతులు చూడు, తొడలకు అంటిపెట్టినారు, విడదీస్తే ఇరుగుతాయని భయం. కాలు ముందరికేసినాడు గానీ నడుము కదల్లా. మేం దేవున్ని చేసేదీ ఇట్లనే, తాళం కట్టి."

ముఖం పొడవు ఎంతో అది ఒక తాళం. ఏ దేవుడు ఎన్ని తాళాల ఎత్తుండాలో, మోకాలు ఎన్నో తాళం దగ్గర రావాలో శేషయ్య తాత ముత్తాతల నుంచి వస్తున్న లెక్క ఉంది. ఆ లెక్క తప్పిన రాయిని శేషయ్య మెట్టుకు కూడా వాడనివ్వడని పేరు.

"మరి రెండోడు?" అన్నాడు సారు.

శేషయ్య చాలాసేపు చూశాడు. "వీడు నిలబడినాడు," అన్నాడు. "బరువంతా కుడికాలి మీద ఏసినాడు. కుడి తుంటి పైకి లేసె, కుడి భుజం కిందికి దిగె. ఎడమకాలు ఊరికే వేళ్ల మీద ఉండాది. మా దేవుళ్లు గూడా నడుము వంచుతారు గానీ అది సొగసుకు. బరువుకు కాదు."

సారుకు ఒళ్లు పులకరించింది. నంద్యాల మొత్తంలో ఈ మాట అనగలిగిన మనిషి ఒక్కడూ ఆయనకు తగల్లేదు. అంత సంతోషంలోనూ వాదించకుండా ఉండలేకపోయాడు. "నేను చెప్పేదీ అదే శేషయ్యన్నా. మొదటోన్ని కొలతతో చేసినారు, రెండోన్ని మనిషిని చూసి చేసినారు. కొలత కంటే కన్ను గొప్పది."

నిజానికి ఆ రెండో బొమ్మ కిందే సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో, దాన్ని చేసిన శిల్పి వేలికీ అరచేతికీ, అరచేతికీ మోచేతికీ లెక్కలు కట్టి కొలతల మీద ఒక గ్రంథమే రాశాడని ఉంది. సారు ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టుకుని మాట్లాడాడు. శేషయ్యకు ఇంగ్లీషు రాదని తెలిసి కూడా పెట్టుకున్నాడు.

"కన్ను మోసపోతాది సారూ," అన్నాడు శేషయ్య నవ్వి. "తాళం మోసపోదు."

అప్పుడే కొట్టం వెనక నలుగురు మనుషులు రాయి ఒకటి దించి చెమట తుడుచుకుంటున్నారు. ముగ్గురు చతికిలబడ్డారు. నాలుగోవాడు కూర్చోకుండా ఎడమచేత గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. నల్లటి సన్నని ఒళ్లు, గోచీ, మెడలో ఎర్రదారం. బరువంతా కుడికాలి మీద ఉంది. కుడి తుంటి లేచి ఉంది, ఎడమ మడమ నేలకు తగలకుండా వేళ్ల మీద నిలిచింది. సారు పుస్తకం వైపూ ఆ మనిషి వైపూ మార్చి మార్చి చూశాడు. ఈటె బదులు గడ్డపార, అంతే తేడా.

"ఎవరప్పా ఆయన?"

"బయ్యన్న. రుద్రవరం అడివిలో చెంచోళ్లు. మూడేండ్లాయె ఈడికొచ్చి. రాళ్లెత్తే పని."

"నాకు ఆయన కావల్ల. రెండు దినాలు నిలబెట్టి గీసుకుంటా."

శేషయ్య వెంటనే ఒప్పుకోలేదు. ఉలి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఆయన్ను వదిలెయ్ సారూ. దాసరయ్యను నిలబెట్టుకో. దిట్టంగా ఉంటాడు, ఆటగాని మాదిరి."

దాసరయ్య పిలవకుండానే లేచి వచ్చి, రొమ్ము విరిచి, రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి నిలబడ్డాడు. పోలీసు ముందు హాజరైనట్టున్నాడు. సారుకు నవ్వొచ్చింది. "నువ్వు మొదటి బొమ్మవప్పా," అన్నాడు. శేషయ్య ఇంకోసారి చెప్పిచూసి, సారు వినేట్టు లేడని ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గోడ నీడలో బయ్యన్నను నిలబెట్టాడు సారు. కుడి పాదం చుట్టూ, ఎడమ వేళ్ల చుట్టూ సుద్దముక్కతో నేల మీద గీతలు గీశాడు, కదిలినా మళ్లీ అక్కడే నిలబడాలని. గడ్డపార ఎడమచేతికిచ్చాడు. ఎనిమిది గంటలకే ఎండ చురుక్కుమంటోంది. బయ్యన్న అడవి మనిషి కదా, చెట్టులా నిలబడతాడనుకున్నాడు సారు. గంటసేపు అలాగే నిలబడ్డాడు కూడా. ఆ తర్వాత కుడి మోకాలి దగ్గర కండరం చిన్నగా అదరడం మొదలైంది.

"సారూ, రవ్వంత కూచుందునా?"

"ఇంకొంచెం సేపప్పా. కదిల్తే మళ్లా అట్ల కుదరదు."

బయ్యన్న మళ్లీ అడగలేదు. గడ్డపార మీద పట్టు సవరించుకున్నాడు. సారు తల వంచుకుని గీసుకుంటూ పోయాడు. ఆ అదురే కండరాన్ని చక్కగా చూపిస్తోందని ఆయనకు సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషం తర్వాత చాలా రోజులు ఆయన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

మధ్యాహ్నం బయ్యన్న పెళ్లాం ఎర్రమ్మ జొన్నసంగటి ముద్దా ఊరిమిండి పచ్చడీ తెచ్చింది. మొగుడు తింటున్నంతసేపూ ఆమె కాగితం ముందు నిలబడి చూసింది. తలా భుజాలూ పూర్తయి, నడుము కిందికి లేత గీతలు మాత్రమే ఉన్నాయి.

"మొగం గీయి సారూ, బాగుండాది," అంది. "కాళ్లెందుకు?"

సారు నవ్వాడు. "సిగ్గెందుకమ్మా. నిక్కరు తొడుగుతాంలే."

ఎర్రమ్మ నవ్వలేదు. ఇంకేదో అనబోయి మొగుడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఆడించాడు. ఆమె సంగటి గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

రెండో రోజు కాళ్లు మొదలుపెట్టాడు. చెయ్యి చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి కొలిచాడు. కుడి తొడ ఇంత. ఎడమ తొడ అంత లేదు. తప్పు కొలిచాననుకుని మళ్లీ కొలిచాడు. పిక్క కొలిచాడు. ఎడమకాలు పైనుంచి కింది దాకా కుడికాలి కంటే బాగా సన్నంగా ఉంది. సారు పెన్సిలు దించి మనిషి వంక చూశాడు. బయ్యన్న గోడ వైపు చూస్తున్నాడు. తుంటి మీద, గోచీ అంచు కింద, పాత గాయం మానిన మచ్చ నల్లగా కనపడింది. నీళ్లు తాగడానికని పక్కకు వెళ్లినప్పుడు ఎడమకాలు ఈడ్చకుండా చిన్న చిన్న అడుగులు వేశాడు. అడవి నడక కాబోలని నిన్న అనుకున్నది అది కాదని సారుకు తెలిసిపోయింది.

తెలియలేదని తర్వాత భార్య లూదియాతో చెబుదామనుకున్నాడు గానీ అది అబద్ధం. అప్పుడే తెలిసింది. ఈ మనిషి అందం కోసం అలా నిలబడలేదని, ఎడమకాలి మీద బరువు వెయ్యలేక నిలబడ్డాడని తెలిసింది. కూర్చోమని చెప్పి, ఏమైందప్పా అని అడగాల్సిన క్షణం అది. ఆయన అడగలేదు. అడిగితే పని ఆగుతుంది. పైగా గ్రీకులు కూడా పట్టుకోని సంగతి ఒకటి తన పెన్సిలు పట్టుకుందన్న గర్వం లోపల మొలకెత్తింది. ఎడమ తొడను చూసింది చూసినట్టుగా, సన్నగా గీశాడు.

మూడో రోజు బొమ్మ పూర్తయింది. సారు దాన్ని అట్టకు గుచ్చి కొట్టం మధ్య వినాయకుడి ఒళ్లో నిలబెట్టాడు. సుత్తులు ఆపి అందరూ చుట్టూ చేరారు. ఎనిమిదిమంది దాకా ఉన్నారు. "బయ్యన్నా, నువ్వే! అచ్చం నువ్వే!" అని ఎవరో అరిస్తే బయ్యన్న ముఖం తిప్పుకుని సిగ్గుగా నవ్వాడు. శేషయ్య దగ్గరికొచ్చి చూశాడు. ముఖంలో మెప్పు కనిపించింది. ఆ తర్వాత కాళ్ల దగ్గర చూపు ఆగింది.

"బొమ్మ బాగుండాది సారూ. కాళ్లే రెండూ సమానం రాలా. కన్ను మోసపోతాదని చెప్తి కదా," అన్నాడు తేలిగ్గా. "ఇంటికి పోయి సరిచేసుకోని రా. పని చూసుకోండప్పా."

అక్కడితో ఊరుకుంటే కథ అయిపోయేది. కానీ ఎనిమిదిమంది ముందు కన్ను మోసపోయిందంటే సారు తట్టుకోలేకపోయాడు. పదేళ్లు మామిడిపళ్లు గీయించిన మనిషి కదా.

"మోసపోయింది నా కన్ను కాదు శేషయ్యన్నా," అన్నాడు గట్టిగా. "ఎడమకాలు నిజంగానే చిక్కిపోయి ఉండాది. ఈయన ఆ కాలి మీద బరువు ఎయ్యలేడు. తుంటికి దెబ్బ తగిలింది. కావాలంటే చూడు. మూడేండ్లుగా నీ కండ్ల ముందరే రాళ్లు మోస్తాండాడు, నీ తాళానికి దొరకలా. నా పెన్సిలుకు రెండు దినాల్లో దొరికింది."

దాసరయ్య తల వంచుకుని చేతిలోని మోకుతాడు చివర విప్పుతూ కూర్చున్నాడు. బయ్యన్న ముఖం మీది నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. శేషయ్య అతని వైపు తిరిగాడు.

"సారు చెప్పేది నిజమేనా బయ్యన్నా?"

బయ్యన్న గోచీ అంచును మచ్చ మీదికి లాక్కున్నాడు.

"అట్లయితే రేపట్నించి రావద్దులేప్పా."

బయ్యన్న గడ్డపారను తీసుకెళ్లి గోడ వారగా దాని చోట పెట్టాడు. కొయ్యకు తగిలించిన చొక్కా తొడుక్కున్నాడు. సారు వైపు ఒక్కసారి కూడా చూడకుండా, ఇప్పుడిక దాచేదేముందన్నట్టు కుంటుకుంటూ రోడ్డు దాటాడు. సారు ఏదో అందామని శేషయ్య వైపు తిరిగాడు. శేషయ్య అప్పటికే ఉలి అందుకుని రాయి మీద వంగిపోయాడు.

లూదియా కూడా టీచరే, ఒకటో తరగతికి అక్షరాలు చెబుతుంది. ఆదివారం ఆరాధన నుంచి తిరిగొచ్చి, కూరకు వంకాయలు కోసుకుంటూ కూర్చున్నప్పుడు జయరాజు ఆమెకు చెప్పాడు. మూడు రోజులుగా ఆయన అన్నం సరిగా తినకపోవడం ఆమె గమనిస్తూనే ఉంది. శేషయ్య ఎంత కఠినుడో, కూలిమనిషికి దెబ్బ తగిలితే పని మాన్పించడం ఎంత అన్యాయమో ఆయన మొదలుపెట్టాడు. ఆమె వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేస్తూ వింది.

"ఆయన కాలు అట్లుండాదని మీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండో దినం."

"అప్పుడు ఆయన్ని అడిగినారా?"

"లేదు."

"రెండో దినం ఆయనతో ఒక్కడితో అడగని మాట, మూడో దినం అందరి ముందర ఎట్ల చెప్పినారు?"

ఆమె గొంతు పెంచలేదు, తిట్టలేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆయన ముందుగదిలోకొచ్చి అలవాటుకొద్దీ పుస్తకం తెరిచాడు. ఒక మనిషికి చేతులు లేవు. ఒకడికి మోకాళ్ల కింద కాళ్లు లేవు, ఇనుప చువ్వ మీద నిలబెట్టారు. ఒకడికి తలే లేదు. వాటి కింద ఎంతెంత పొగడ్తలున్నాయో అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. తలలేనివాణ్ని కూడా ఎవరో దాచుకుని అద్దాల గదిలో పెడితే, చూడ్డానికి జనం దేశదేశాల నుంచి వస్తారు. ఆళ్లగడ్డలో ఒక మనిషికి తొడ కాస్త సన్నబడిందని తాను నోరు జారితే ఆ పూటకే పని పోయింది. పుస్తకం మూసి బీరువా మీద పెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని అదే బొమ్మ ఇంకో కాగితం మీద మళ్లీ గీశాడు. రెండు కాళ్లూ సమానంగా, నూలు తేడా లేకుండా గీశాడు.

సోమవారం మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగాడు. పనివాళ్లు ఇంకా రాలేదు. శేషయ్య ఒక్కడే కొట్టంలో నీళ్లు చల్లుతున్నాడు. సారును చూసి చెంబు పక్కన పెట్టాడు.

"నువ్వు చేసింది అన్యాయం శేషయ్యన్నా," అన్నాడు సారు. ఇంటి దగ్గర అనుకున్నది ఆ మాట కాదు. అయినా అదే ముందు బయటికొచ్చింది. "దెబ్బ తగిలిన మనిషిని ఎల్లగొడితివి."

శేషయ్య ఆయన్ని కాసేపు చూసి, రాతి దిమ్మె మీద కూర్చున్నాడు. పక్కన కూర్చోమని చేత్తో చూపించాడు.

"రాయి జారి ఆయన తుంటికి తగిలింది ఈడనే సారూ. పోయిన దసరా ముందు. నా ముందరే. నాకు తెల్దనుకుంటివా?"

సారు దిమ్మె అంచున కూర్చున్నాడు.

"అందరికీ తెల్సు. ఆయన మాత్రం తగల్లా తగల్లా అనె. పని పోతాదని భయం. అడివికి మళ్లా పోయి తేనె కొడ్దామంటే కొండెక్కల్ల, ఆ కాలితో యాడ ఎక్కుతాడు? మేం గూడా తగల్లేదనే అంటిమి." శేషయ్య గోడకానించిన పొడవాటి గడ వైపు చెయ్యి చూపించాడు. "రాయిని మోకుతో ఆ గడకు కట్టి నలుగురు మోస్తారు, ముందర ఇద్దరు, ఎనక ఇద్దరు. మోకు నడిమధ్య కడితే అందరికీ ఒకటే బరువు. దసరా కాడ్నించి దాసరయ్య మోకును జానెడు తన పక్కకు జరిపి కడ్తాండాడు. బరువు ముందరోళ్ల మీద పడ్తాది, ఎనకుండే బయ్యన్నకు తగ్గుతాది. ఎవరూ ఎవరికీ చెప్పలా. బయ్యన్న చూడనట్టుంటాడు. నేనూ చూడనట్టుంటా. ఎనిమిది నెల్లు గమ్మున జరిగిపాయె."

"మరి నేను చెప్పంగానే ఎందుకు..."

"చెప్పేస్తివి కదప్పా. అందరి ముందర, గొంతెత్తి. కుంటోన్ని రాయి కింద పెట్నాడని రేపు ఎవని కాలన్నా నలిగితే వాని పెండ్లాం నన్ను అడగదా? చెప్పకముందు అది లేదు. చెప్పినాక ఉండాది."

సారు తల దించుకుని తన చెప్పుల వైపు చూశాడు. తాను చూసిందేదో ఇక్కడ తనకంటే ముందు అందరూ చూశారు. చూసి, నోరు మూసుకుని, ఎవరి భుజం మీదికి వాళ్లు కాస్త కాస్త బరువు తీసుకున్నారు. తనకు మాత్రం గొంతు చించుకుని అరిచి గెలవాలనిపించింది.

"ఇంగొకటి గూడా ఉండాది శేషయ్యన్నా," అన్నాడు చివరికి. "ఆ రెండో బొమ్మ గూడా కొలతలతో చేసిందే. కింద రాసి ఉండాది. నీకు చెప్పకుండా వేలు పెట్టుకుంటి."

"అది నాకు తెల్సులే. కొలత లేకుండా రాతిలో యాడొస్తాది అట్లాంటిది?"

ఆ మాటలో కోపం లేదు. అదే సారును మరింత బాధపెట్టింది.

"ఇప్పుడేం చెయ్యల్ల?"

"అందరి ముందర అన్న మాట అందరి ముందరే తీసుకోవల్ల. ఉంటే గింటే అదొక్కటే."

పనివాళ్లు వచ్చి ఉలులు తీసేటప్పుడు సారు కొట్టం మధ్యలో నిలబడ్డాడు. రెండో కాగితం విప్పి పట్టుకున్నాడు. "నేను ఆ దినం చెప్పింది తప్పప్పా. బయ్యన్నకు ఏం కాలేదు. కాళ్లు గీయడం నాకు సరిగ్గా రాదు. తప్పు గీసి, తప్పు ఒప్పుకోలేక అట్ల మాట్లాడితి." దాసరయ్య గట్టిగా నవ్వి, "అదే అనుకుంటిమి సారూ! మాకూ అనుమానమే, సారుకు బొమ్మలు వస్తాయా రావా అని," అన్నాడు. మిగతావాళ్లూ అందుకున్నారు. ఒకడు సారు గీసిన వేళ్లు వెక్కిరించాడు. ఇంకొకడు మోకాలిని వెక్కిరించాడు. సారు అన్నిటికీ తలూపాడు. ఆ నవ్వుల్లో ఆయన మనసు కొంచెం తేలికపడింది. దాసరయ్య అప్పటికప్పుడే బయలుదేరి వెళ్లి గంటలో బయ్యన్నను వెంటబెట్టుకొచ్చాడు.

బయ్యన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. వెనకాల ఎర్రమ్మ కూడా వచ్చింది గానీ రోడ్డు అవతలే ఆగిపోయింది.

"సారు తప్పు గీసినాడంట," అన్నాడు శేషయ్య, పెద్ద విశేషం కానట్టు. "పనిలోకి రా."

సారు కాగితం ముందుకు చాచాడు. బయ్యన్న దగ్గరికొచ్చి చూశాడు. సమానంగా ఉన్న ఆ రెండు కాళ్లనూ చూసి, తల ఎత్తి సారు ముఖంలోకి చూశాడు. కృతజ్ఞత కోసం సారు ఆ కళ్లలో వెతికాడు, అంత సిగ్గులోనూ వెతికాడు. అక్కడ అదేమీ లేదు. బయ్యన్న చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.

విగ్రహానికి తెచ్చిన రాయి బయట బండి మీది నుంచి దించిన చోటే ఉంది. దాన్ని కొట్టంలోకి తేవాలి. పన్నెండడుగుల దూరం. నలుగురూ గడ తీసుకుని రాయి దగ్గర చేరారు. దాసరయ్య మోకును రాయి చుట్టూ రెండు పేటలు తిప్పి, గడ మీద తన వైపుకు జానెడు జరిపి ముడి వేశాడు. ఎప్పుడూ వేసినట్టే వేశాడు. ఈసారి మాత్రం కొట్టంలో ఉన్న ప్రతి కన్నూ ఆ ముడి మీదే ఉంది.

బయ్యన్న వంగి ఆ ముడి విప్పాడు.

మోకును గడ పొడుగునా లాగి నడిమధ్యకు తెచ్చాడు. చేతి బెత్తలతో అటూ ఇటూ కొలిచి సరిచూసుకుని, బిగించి కట్టాడు. దాసరయ్య నోరు తెరిచి, మూశాడు. వద్దని ఏమని చెబుతాడు? కాలు బాగాలేదు కాబట్టి వద్దనాలి. కాలు బాగానే ఉందని ఇప్పుడే అందరూ నవ్వి నవ్వి ఒప్పుకున్నారు. శేషయ్య ఉలి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సారుకు అరవాలనిపించింది, ఆపండప్పా, నేను చెప్పింది అబద్ధం, ఆ కాలు చూడండి అని. మూడు రోజుల కిందట అంత తేలిగ్గా వచ్చిన ఆ మాట ఇప్పుడు గొంతు దాటలేదు.

"ఎత్తండి," అన్నాడు బయ్యన్న.

నలుగురూ ఒక్కసారి లేచారు. రాయి నేల విడిచింది. బయ్యన్న కుడికాలు ముందుకు వేశాడు, తర్వాత ఎడమకాలు. ఎడమ పాదం మడమతో సహా నేలకు ఆనింది. మెడ నరాలు పైకి లేచాయి. పళ్లు బిగబట్టాడు. రెండో అడుగుకు తుంటి పక్కకు కుంగబోయి ఆగింది. దాసరయ్య వెనక్కి తిరగకుండా, "నిదానం, నిదానం," అంటూ అడుగు తగ్గించాడు. రోడ్డు అవతల ఎర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పన్నెండడుగులూ సారు లెక్కపెట్టాడు. లెక్కపెట్టడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

రాయిని సరిగ్గా వేయాల్సిన చోటే దించారు. మిగతా ముగ్గురూ చతికిలబడ్డారు. బయ్యన్న కూర్చోలేదు. గడ్డపార కోసం చెయ్యి కూడా చాచలేదు. రెండు పాదాలూ నేలకు ఆనించి, పిడికిళ్లు తొడలకు బిగించుకుని, పుస్తకంలోని మొదటి బొమ్మలా నిలబడ్డాడు. ముఖం మీది నుంచి చెమట ధారగా కారుతోంది. ఎడమకాలు తొడ నుంచి మడమ దాకా వణుకుతోంది.

"ఇప్పుడు గీసుకో సారూ," అన్నాడు.

జయరాజు సారు సంచీలో పెన్సిలు ఉంది, అట్ట ఉంది. ఆయన వాటిని తియ్యలేదు. "కూర్చో బయ్యన్నా," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. బయ్యన్న కూర్చోలేదు.